పాల లెక్కల కింద పక్షులు

విశాఖపట్నం ఆరిలోవలో మా పెదనాన్నగారి ఇంట్లో, వంటగది గుమ్మం పక్కన మేకుకు వేలాడే గోడ కాలెండరులో ప్రతి తేదీ గడిలోనూ రెండు చేతిరాతలు కనిపించేవి. పైన పెద్దమ్మ పెన్సిలుతో వేసిన పాల లెక్క: లీటరు, అర లీటరు, పాలవాడు రాని రోజున 'నాగా'. కింద, అంకెకూ గీతకూ మధ్య మిగిలిన కాస్త చోటులో పెదనాన్న నీలి సిరాతో రాసుకున్న పక్షుల లెక్క. ఏడాదిలో సగం నెలలు ఆ అడుగు భాగం ఖాళీగానే ఉండేది. వినాయకుడి నిమజ్జనాలు ముగిసిన దగ్గర్నుంచి అది నిండడం మొదలై, దసరా, దీపావళి, నాగుల చవితి దాటి కార్తీక పున్నమి నాటికి ఉన్న చోటు చాలక రాత పక్క గడిలోకి ఒరిగేది. "ఈ నెల పాలవాడికి మీ బాతులకు కూడా కలిపి డబ్బులిచ్చేశానేమో చూడండి" అని పెద్దమ్మ విసుక్కునేది గాని, కాలెండరు మీద ఆయన వాటాను మాత్రం ఎన్నడూ ఆక్రమించలేదు.

'నాగా' అన్న మాటను పెదనాన్న ఆవిడ దగ్గరే అరువు తెచ్చుకున్నారు. ఎదురుచూసిన పక్షి కనబడకపోతే ఆ గడిని ఆయన ఖాళీగా వదిలేసేవారు కాదు. 'ముడసర్లోవ వెళ్ళాను, కొర్రమీను గద్ద నాగా' అని రాసేవారు. ఖాళీ గడి ఉందంటే మనం వెళ్ళలేదని అర్థం, నాగా ఉందంటే మనం వెళ్ళినా అది రాలేదని అర్థం, ఈ తేడా పాటించనివాడు లెక్కలు రాయకూడదని ఆయన అనేవారు. ఓడరేవులో సరుకుల చిట్టాలు రాసే ఉద్యోగం ఆయనది. వచ్చిన మూటలతోపాటు రాని మూటలను కూడా రాయడం ఆయనకు అలవాటు.

ఆయన వెంట నేను మొదటిసారి వెళ్ళింది 1991 అక్టోబరులో, దసరా సెలవుల్లో. అప్పటికి నాకు 12 ఏళ్ళు. సైకిలు వెనుక సీటు మీద నన్ను కూర్చోబెట్టుకుని, హ్యాండిలుకు బరువైన దుర్భిణి తగిలించుకుని, ఇంకా వెలుతురు రాకముందే ముడసర్లోవ జలాశయం దగ్గరికి తీసుకుపోయారు. ఆ దుర్భిణి ఓడల్లో వాడే రకం, 7×50. ఒక సరుకు ఓడ నావికుడి దగ్గర చవకగా కొన్నానని చెప్పేవారు. పన్నెండేళ్ళ పిల్లవాడి మెడకు అది రుబ్బురోలు పొత్రంలా ఉండేది గాని, ఆ పెద్ద గాజుల మూలాన మసక వెలుతురులో కూడా నీటి అంచున తిరిగే ఉల్లంకుల కాళ్ళు స్పష్టంగా కనిపించేవి. ఆనాడు మాకు మొదట కనబడింది కాటుక పిట్ట. హిమాలయాల వైపు నుంచి దిగి వచ్చే ఆ బక్కపలచని పిట్ట ఒక్క క్షణం కూడా తోక ఆడించడం మానదు. శరత్తులో ఖంజన దర్శనం శుభమని పూర్వులు ఊరికే అనలేదని, వానలు వెనుదిరిగాయని చెప్పే మొదటి కబురు అదేనని పెదనాన్న చెప్పారు.

కొర్రమీను గద్దను చూసింది మరో రెండు గంటల తరువాత. ఇంగ్లీషులో ఆస్ప్రే అంటారని నేను చాలా కాలం తరువాత పుస్తకాల్లో తెలుసుకున్నాను, నాకు మాత్రం ఇప్పటికీ అది కొర్రమీను గద్దే. జలాశయం మధ్యలో ఎండిపోయి నిలిచిన చెట్టు మోడు మీది నుంచి అది లేచి, నీటికి నాలుగైదు తాటిచెట్ల ఎత్తున గాలిలో ఒకేచోట రెక్కలు కొడుతూ నిలబడింది. తల మాత్రం కిందికి వంచి, అస్సలు కదలకుండా ఉంచింది. ఒకసారి సగం దూరం దిగి, ఏమనుకుందో ఏమో, మళ్ళీ పైకి పోయింది. రెండోసారి కాళ్ళు ముందుకు చాచి పడిన పడడం నీళ్ళు పగిలిన చప్పుడుగా గట్టు మీద మాకు వినిపించింది. ఒక్క క్షణం రెక్కలు తప్ప ఏమీ కనబడలేదు. తరువాత బరువుగా లేచి, గాలిలోనే తడి కుక్కలా ఒళ్ళంతా విదిలించుకుని, కాళ్ళలో అడ్డంగా ఉన్న చేపను తల ముందుకు వచ్చేలా తిప్పి పట్టుకుంది. గాలికి అడ్డు తగలకుండా అలా తిప్పుకుంటుందని పెదనాన్న చెప్పారు. దాని కాలి వేళ్ళలో బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది, అప్పుడు రెండు వేళ్ళు ముందు, రెండు వెనుక పట్టు బిగిస్తాయి. అరికాళ్ళ నిండా ముళ్ళలాంటి గరుకు ఉంటుంది కాబట్టి చేప జారదు. పేరు కొర్రమీను గద్ద అయినా ఆ రోజు పట్టింది జిలేబీ చేప. ఆ తరువాత చూసిన ఎన్నో సార్లు కూడా జిలేబీయే. పాపం, చెరువుల్లో ఏది దొరికితే అదే కదా తినాలి.

నాకు నిజంగా చదువు మొదలయింది ఆ తరువాతి వారం. ఆకాశంలో ఏది ఎగిరినా 'డేగ, డేగ' అని అరుస్తున్న నా తలను ఆయన మెడ పట్టుకుని కిందికి వంచారు. "ఒరే, పైకి చూడకు. నీటి మీదికి చూడు. వచ్చింది ఎవరో నామాల కోళ్ళు చెబుతాయి" అన్నారు. నీటిలో నుదుట తెల్లని నామం పెట్టుకున్న నల్లని కోళ్ళు వందకు పైగా చెల్లాచెదురుగా మేస్తున్నాయి. వాటి మీదుగా ఊరి నల్ల గద్ద ఒకటి పోయింది, ఒక్క కోడి కూడా తల ఎత్తలేదు. గరుడ పక్షి పోయింది, ఒకటి రెండు పక్కకు జరిగాయి. కాసేపటికి అవన్నీ ఉన్నట్టుండి ఈదుకుంటూ వచ్చి ఒకదానికొకటి ఆనుకుని నల్లని చాపలా ముద్దకట్టాయి. అప్పుడు తల ఎత్తితే, రెక్కలను వి ఆకారంలో పైకి ఎత్తి పట్టుకుని, తుంగ మీదుగా వాలుగా తేలుతూ వస్తున్న చిత్తడి నేలల గద్ద, మార్ష్ హ్యారియర్, కనబడింది. చలి దేశాల నుంచి మన చెరువులకు వచ్చే ఈ గద్ద, గుంపు నుంచి విడిపోయిన కోడి కోసం తుంగ అంచులన్నీ వెదుకుతుంది. అందుకే అవి ముద్ద కడతాయి. భైరి డేగ వస్తే మాత్రం కోళ్ళు నీళ్ళలో మునుగుతాయి, బాతులు ఎగరడానికి వెనుకాడతాయి. అది గాలిలో ఎగురుతున్న పక్షినే కొడుతుంది కాబట్టి నీటిని అంటిపెట్టుకోవడమే క్షేమం. పుస్తకాల్లో రెక్కల గీతలు, తోక చారలు చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నవారికి ఈ పద్ధతి నాటుగా కనిపించవచ్చు. నా అనుభవంలో మాత్రం నామాల కోడి సాక్ష్యం చాలా పుస్తకాల కంటే నమ్మదగినది.

నీటి పక్షులకు తెల్లవారుజాము మంచిదని అందరికీ తెలుసు. వలస గద్దల విషయం అలా కాదు. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైతే గాని బరువైన గ్రద్దలు ప్రయాణం పెట్టుకోవు. రెక్క ఆడించకుండా ఆ వేడిగాలి మీద గుండ్రంగా తిరుగుతూ పైకి పోయి, అక్కడి నుంచి జారుతూ తరువాతి గాలి సుడిని అందుకుంటాయి. సముద్రం మీద అలాంటి వేడిగాలి సరిగ్గా లేవదు కాబట్టి అవి వీలైనంత వరకు నేలనే పట్టుకుని పోతాయి. డేగలూ హ్యారియర్లూ రెక్కలు కొట్టుకుంటూ పోగలవు గనుక వాటికి ఆ బెంగ తక్కువ. కొండ, ఊరు, సముద్రం మూడూ ఒకదానినొకటి తోసుకుంటున్నట్టుండే మన విశాఖలో కైలాసగిరి మీద ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య కూర్చుంటే ఇదంతా కళ్ళకు కడుతుంది. పెదనాన్న ఆదివారాల్లో ముడసర్లోవలో చూడవలసింది చూసి, ఇంటికి వచ్చి ఉప్మా తిని, గొడుగు పట్టుకుని కొండ ఎక్కేవారు. నాకు అక్కడే బూటెడ్ ఈగిల్ పరిచయమయింది. అది ఎదురుగా వచ్చేటప్పుడు రెక్కలు భుజాలను కలిసేచోట రెండు తెల్లని చుక్కలు లారీ దీపాల్లా కనిపిస్తాయి. దానికి తెలుగు పేరు ఏమిటని అడిగితే, "మన ఊరికి వచ్చేదానికి మనం పేరు పెట్టలేదంటే తప్పు దానిది కాదు" అన్నారు. మేము దానికి దీపాల గద్ద అని పేరు పెట్టుకున్నాము. కాలెండరులో అది ఆ పేరుతోనే ఉంది.

తామరలు నిండిన మంచినీటి సరస్సు కొండకర్ల ఆవకు ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే వెళ్ళేవాళ్ళం. అనకాపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి మునగపాక మీదుగా దొరికిన బండి. బెల్లం గానుగలు ఇంకా మొదలుకాని రోజులు కావడంతో దారికి రెండు పక్కలా చెరకు తోటలు మనిషి ఎత్తున నిలబడి ఉండేవి. ఆవలో తామరాకుల మధ్య తిప్పడానికి, తొలిచిన తాటి మొద్దులను రెండింటిని జతకట్టి చేసిన దోనె తప్ప మరొకటి పనికిరాదు. కూర్చుంటే మన నడుము నీటి మట్టానికి జానెడు ఎత్తులో ఉంటుంది. తామరాకు మీద నడుస్తున్న జకానా పక్షి వేళ్ళు ఎంత పొడవో, అది అడుగు వేసినప్పుడు ఆకు అంచు ఎలా లోపలికి మునిగి, దాని మీదికి పాకిన నీటి బొట్టు ఎలా గుండ్రంగా దొర్లుతుందో అక్కడ చేయి చాచినంత దూరంలో చూశాను. వానాకాలంలో దానికి ఉండే పొడవాటి కొడవలి తోక కార్తీకం నాటికి రాలిపోయి, కొత్తవాళ్ళకు అది వేరే పక్షిలా కనబడుతుంది.

1996లో అదే ఆవలో నా మూలాన ఒక నష్టం జరిగింది. నవంబరు మొదటి వారం. సూదితోక బాతులు అప్పుడే దిగాయి. ఆ గుంపు పక్కన ఒంటరిగా, నారింజ రంగు గుండ్రని తల, లక్కలాంటి ఎర్రని ముక్కు ఉన్న పెద్ద బాతు ఒకటి తేలుతోంది. రెడ్ క్రెస్టెడ్ పోచార్డ్. అప్పటి వరకు బొమ్మల్లో తప్ప చూడలేదు. ఆ ఉత్సాహంలో దోనెలో లేచి నిలబడ్డాను. దోనె ఒక పక్కకు ఒరిగింది, నేను పెదనాన్న భుజం పట్టుకున్నాను, దుర్భిణి తాడు పుటుక్కున తెగింది. దోనె నడిపే తాత ఒక్క మాట కూడా అనకుండా గెడను బురదలో గుచ్చి, నీళ్ళలోకి దిగి, కాళ్ళతో తడుముతూ చాలాసేపు వెదికి, తామర తూడులు చుట్టుకున్న దుర్భిణిని బయటికి తీశాడు. "ఏటి బాబూ, పిట్టని సూడ్డానికి నిలబడాలా? కూకుని సూత్తే అదీ కూకుంటాది" అన్నాడు. బాతు ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. ఆ తరువాత కుడివైపు గాజులో బూజు పట్టి, ఎంత ఎండలో పెట్టినా పోలేదు. పెదనాన్న నన్ను తిట్టలేదు. ఆనాటి గడిలో మాత్రం 'ఎర్రముక్కు బాతు 1, దుర్భిణి నాగా' అని రాశారు. ఇప్పుడు పెద్ద కెమెరాలతో వచ్చి, ఎగిరే బొమ్మ కోసం దోనెను బాతుల గుంపు మీదికే నడిపించే వాళ్ళను చూసినప్పుడు ఆ తాతను పిలిచి రెండు మాటలు చెప్పించాలనిపిస్తుంది.

పెదనాన్నకు తన లెక్కల మీద అతిశయం లేదు. విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజుగారు 1970ల నుంచి మన తూర్పు కనుమల పక్షుల మీద శాస్త్రీయంగా రాశారనీ, అమెరికా నుంచి డిలన్ రిప్లే, బ్రూస్ బీలర్ వంటి పక్షి శాస్త్రవేత్తలు కృష్ణరాజుగారితో కలిసి విశాఖ కనుమల పక్షులను గురించి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించారనీ పెదనాన్నకు తెలుసు. "కొండలకు రాసేవాళ్ళు ఉన్నారు. మా ఆరిలోవ చెరువుకు నేనొక్కడినే గుమాస్తాను" అని నవ్వేవారు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను నేరుగా మన ఊరి మీదికే వచ్చింది. గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వీచిందని తరువాత లెక్కలు చెప్పాయి. తలుపుకు బీరువా అడ్డం పెట్టి కూర్చున్న మాకు అంకెలతో పని లేకపోయింది. ఒమన్ దేశం సూచించిన ఆ పేరు అరబ్బీలో ఒక పక్షిది, మన కూకుడు గువ్వది. తలపై కిరీటంలాంటి జుట్టుతో, చలికాలంలో గడ్డి నేలల్లో ముక్కు గుచ్చి పురుగులు తీసుకునే ఆ సాధువైన పిట్ట పేరు తుపానుకు పెట్టడం పెదనాన్నకు ఎంత మాత్రం నచ్చలేదు. రెండు రోజుల తరువాత విరిగిపడిన చెట్ల మీదుగా దాటుకుంటూ ముడసర్లోవకు వెళ్ళాము. కంబాలకొండ ఆకు లేకుండా, నిప్పు పెట్టినట్టు గోధుమ రంగుకు తిరిగి ఉంది. జలాశయంలో నామాల కోళ్ళు పదికి మించి లేవు. గట్టు రాళ్ళ మీద వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉన్న టెర్న్ అనే సముద్రపు పక్షి ఒకటి రెక్కలు వేలాడేసుకుని కూర్చుని ఉంది. మేము పది అడుగుల దూరానికి వచ్చినా కదలలేదు. ఏ రకం టెర్నో తేల్చుకోవడానికి నుదుటి మీది తెలుపు ఎంతవరకు ఉందో చూడాలి, అది తల ముడుచుకుని కూర్చుంది. దగ్గరికి పోయి లేపుదామని నేను అన్నాను. ఆయన వద్దన్నారు. అలసినదాన్ని పేరు కోసం లేపడం తప్పన్నారు. ఆ వారం కాలెండరులో పైన పెద్దమ్మ చేతిరాతలో వరసగా ఐదు నాగాలు ఉన్నాయి, పాలు దొరకని రోజులు అవి. కింద పెదనాన్న రాత: 'నల్లవీపు టెర్న్ 1?' ఆయన లెక్కల్లో ప్రశ్న గుర్తు చూడడం నాకు అదే మొదటిసారి.

ఆ ముందటి ఏడాది నవంబరులో నాగాలాండులో మూడు అముర్ డేగలకు ఉపగ్రహ పరికరాలు కట్టి వదిలారు. వాటి పేర్లు నాగా, వోఖా, పాంగ్తి. పావురం అంత కూడా బరువు ఉండని ఆ డేగలు చైనా ఈశాన్యం, సైబీరియాల నుంచి బయలుదేరి, నాగాలాండులో దోయాంగ్ జలాశయం చుట్టూ లక్షల్లో విడిది చేసి, మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రాన్ని దాటి దక్షిణాఫ్రికా వరకు పోతాయి. 2012 వరకు దోయాంగ్ దగ్గర వాటిని వలలు వేసి వేలకు వేలుగా పట్టేవారు. మరుసటి ఏడాదికల్లా ఆ ఊళ్ళవాళ్ళే వేట మాని కాపలా కాశారు. ఈ కథంతా పేపరులో చదివిన పెదనాన్నకు అన్నిటికంటే నచ్చింది ఒక డేగ పేరు. 2014 శరత్తులో నాగా, పాంగ్తి మళ్ళీ నాగాలాండు చేరాయని తెలిసినప్పుడు, "నాగా నాగా పెట్టలేదే!" అని పెద్దమ్మను పిలిచి మరీ చెప్పారు.

వాటిని మా కళ్ళతో చూసింది మరి రెండేళ్ళకు, నవంబరులో, కైలాసగిరి మీద. ఈశాన్యపు గాలి తిరిగిన మధ్యాహ్నం. కొండ మీద తూనీగలు దుమ్ము లేచినట్టు లేచాయి. వాటి వెంట ముప్పై దాకా సన్నని రెక్కల డేగలు, చప్పుడు లేకుండా, ఒకదానికొకటి తగలకుండా తిరిగాయి. మగవాటి రెక్కల కింది ముందు సగం తెల్లగా, తొడలు ఇటుక రంగులో, కాళ్ళు ఎర్రగా కనబడ్డాయి. ఒకటి మా తలల మీదుగా పోతూ తూనీగను కాలితో అందుకుని, ఎగురుతూనే కాలిని ముక్కు దగ్గరికి తెచ్చి రెక్కలు ఊడదీసి తినేసింది. తూనీగ రెక్క ఒకటి తిరుగుతూ తిరుగుతూ వచ్చి పెదనాన్న చొక్కా మీద పడింది. అద్దంలాంటి దాన్ని ఆయన పోస్టల్ కవరులో వేసి ఆ నెల కాలెండరు కాగితానికి పిన్ను చేశారు. అవి 20 నిమిషాలు ఉండి, నైరుతి దిక్కుకు పోయాయి. మా చుట్టూ బొమ్మలు తీసుకుంటున్న యాత్రికులు ఒక్కరు కూడా పైకి చూడలేదు, చూడమని చెప్పడానికి మాకు నోరు కూడా రాలేదు.

ముడసర్లోవ నీటి మీద 2018లో 2 మెగావాట్ల తేలే సౌర విద్యుత్ కేంద్రం వచ్చింది. మొదట్లో నాకు అది నచ్చలేదు. ఇప్పుడు ఆ పలకల అంచుల మీద నీటికాకులు వరసగా రెక్కలు ఆరబెట్టుకుంటుంటే ఏమనాలో తెలియడం లేదు. చెట్టు మోడు మాత్రం లేదు. కొర్రమీను గద్ద ఇప్పుడు ఒడ్డున ఉన్న కరెంటు స్తంభం మీద కూర్చుంటోంది. కొండకర్లలో గుర్రపుడెక్క పెరిగి బాతులకు తేట నీరు తగ్గింది. వనభోజనాల కాలంలో మైకుల హోరు ఆవ మధ్య దాకా వినిపిస్తోంది.

పెదనాన్నకు ఇప్పుడు 84 ఏళ్ళు. కొండ ఎక్కలేరు, సైకిలు మనుమడికి ఇచ్చేశారు. పాలు ప్యాకెట్లలో వస్తున్నా పెద్దమ్మ కాలెండరు మానలేదు, కాబట్టి ఆయన వాటా కూడా పోలేదు. ఆదివారాల్లో నేను చూసింది చూసినట్టు ఫోనులో చెబితే ఆయన రాసుకుంటారు. కిందటి కార్తీకంలో ఒకనాడు, పదిన్నర గంటలకు, ముడసర్లోవ మీదుగా బాణంలా పోయిన డేగను చూసి నాకు ఒళ్ళు పులకరించింది. అక్కడి నుంచే ఫోను చేశాను.

"పెదనాన్నా, భైరి డేగ!"

"మీసం చూశావా?"

"చూశాను. చెంప మీద నల్లగా, మందంగా ఉంది."

"సరే. నామాల కోళ్ళు ఏం చేశాయి?"

నేను నీటి వైపు చూశాను. కోళ్ళు ఎప్పటిలాగే మేస్తున్నాయి. డేగ వచ్చిన క్షణంలో అవి ఏం చేశాయో నాకు తెలియదు, పైకే చూస్తూ ఉండిపోయాను. ఆ మాటే చెప్పాను. ఫోనులో కాసేపు కలం గీసిన చప్పుడు వినిపించింది.

"రాశాను" అన్నారు. "పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను."